ట్యూబ్‌లైటును చూసి ర్యాకు చెప్పే ట్రాలీ: అనంతపురం గోడౌన్‌లో చేసిన ఒక పని

అనంతపురం శివారులో హైవేకి దగ్గరగా ఒక హోల్‌సేల్ గోడౌన్ ఉంది. బోరు మోటార్ల విడిభాగాలు, డ్రిప్ సామాను అక్కడి వ్యాపారం. బుష్‌లు, ఇంపెల్లర్లు, మెకానికల్ సీళ్లు, స్టార్టర్ల స్పేర్లు, జాయినర్లు, ఎండ్ క్యాపులు, ఫిల్టర్లు, ఇలా వేల రకాల సరుకు. మార్చి నుంచి వానలు పడేదాకా అక్కడ ఊపిరి సలపదు. నీళ్లు లోతుకు పోయే కొద్దీ మోటార్లు కాలుతుంటాయి. చీనీ (బత్తాయి) తోట ఎండిపోతుందన్న టెన్షన్‌తో రైతు కౌంటర్ దగ్గరే నిలబడి ఉంటాడు. అతనికి కావాల్సింది ఫలానా సైజు బుష్ ఒక్కటి. స్టాకులో ఉందని కంప్యూటర్ చెప్తుంది. ఎక్కడుందో చెప్పగలిగింది మాత్రం ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న స్టోర్ కీపర్ ఒక్కరే. ఆయన ఊరికి పోతే సగం గోడౌన్ మూసేసినట్టే.

ఓనరు మమ్మల్ని అడిగింది ఒకే మాట: "కొత్తగా చేరిన పిల్లోడు మొదటి రోజే సామాను తెచ్చిచ్చేటట్టు చేయగలరా?" మాది లైటింగ్, ఆటోమేషన్ పనులు చేసే చిన్న జట్టు. ఈ పనిని ఎల్‌ఈడీ దీపాలతో, ఫోన్ కెమెరాతో చేశాం. ఎట్లా చేశామో, ఎందుకు అట్లా చేశామో ఇక్కడ రాస్తున్నాను.

ముందు అడ్రసులు

దీపాల సంగతికి పోయేముందు ఒక పని ఉంది. దాన్ని వదిలేసి టెక్నాలజీ కొనేవాళ్లు చాలామంది. గోడౌన్‌లో ప్రతి అరకూ ఒక అడ్రసు ఉండాలి. "సీ వరుస, 4వ ర్యాకు, 2వ అర" అని పెద్ద అక్షరాలతో బోర్డు ఉండాలి, అదే అడ్రసు కంప్యూటర్‌లో సరుకు పేరు పక్కన ఉండాలి. స్టోర్ కీపర్‌ను వెంటబెట్టుకుని ఈ పని ముందు పూర్తిచేశాం. దీనితోనే సమస్యలో పెద్ద భాగం తీరిపోయింది. మీ గోడౌన్‌లో ఈ పని జరగకపోతే ఈ వ్యాసం ఇక్కడితో ఆపి, పెయింటు డబ్బా కొనుక్కోండి.

మరి బోర్డులుంటే ట్రాలీ ఎక్కడుందో తెలియడం ఎందుకు? వెతకడానికి అనుకుంటారు అందరూ. అసలు లాభం సరుకు తీసేటప్పుడు కాదు, పెట్టేటప్పుడు. లారీ వచ్చిన రోజు హమాలీలు ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ పెట్టేస్తారు. సీ-4లో ఉండాల్సిన ఎండ్ క్యాపుల పెట్టె ఎఫ్-7కు చేరుతుంది. ఆ క్షణం నుంచి అది కంప్యూటర్‌కు ఉన్నట్టే, మనిషికి లేనట్టే. పెట్టె దించినప్పుడు దాని మీది బార్‌కోడ్ స్కాన్ చేస్తే, ఆ సమయంలో ట్రాలీ ఏ ర్యాకు ముందు ఉందో దానంతటదే నమోదు కావాలి. అర అడ్రసును కూడా స్కాన్ చేయమంటే ఎండాకాలం రద్దీలో ఎవరూ చేయరు. చేయలేదని వాళ్లను తప్పుపట్టలేం కూడా.

వేరే దారులు ఎందుకు వద్దనుకున్నాం

పైన రేకుల షెడ్డు కాబట్టి జీపీఎస్ మాటే లేదు. వైఫై సిగ్నల్ బలాన్ని బట్టి చోటు లెక్కకడితే కొన్ని మీటర్ల తేడా వస్తుంది. ఇనప ర్యాకుల మధ్య సిగ్నల్ తగిలి తగిలి తిరుగుతుంది కాబట్టి ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఇక్కడ ఒక నడవ మధ్య నుంచి పక్క నడవ మధ్యకు 3.75 మీటర్లు. అంటే వైఫై మనల్ని పక్క నడవలో చూపించినా ఆశ్చర్యం లేదు. గోడలకు తగిలించే చిన్న బ్లూటూత్ పరికరాలు, అంటే బీకన్లు, వాటిదీ దాదాపు అదే కథ, పైగా బ్యాటరీలు మార్చే పని. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే ఇంకో రేడియో పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కొన్ని అంగుళాల దాకా చెప్తుంది. కానీ అది ఖరీదైన ఫోన్లలోనే ఉంటుంది. హమాలీ చేతిలో గ్రీజు మరకల మధ్య ఆ ఫోన్ పెట్టే ఓనరు మా జిల్లాలో నాకు తెలిసి లేడు.

దీపం మాత్రం ఎట్లాగూ ఉండాలి. దీపం వెలుగు ర్యాకును దాటి పక్క నడవలోకి పోదు. రేడియోకు లేని ఈ గుణమే మాకు కావాల్సింది.

దీపాల ద్వారా చోటు చెప్పడం కొత్త ఊహేం కాదు. 2014లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లక్సాపోజ్ అనే పద్ధతిలో మామూలు స్మార్ట్‌ఫోన్‌తోనే డెసిమీటర్ (పది సెంటీమీటర్ల) స్థాయిలో చోటు పట్టుకోవచ్చని చూపించారు. 2015లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో కారెఫోర్ హైపర్‌మార్కెట్‌లో ఫిలిప్స్ ఇలాంటి దీపాలే పెట్టింది. అక్కడ కొనేవాళ్లు ఫోన్ పట్టుకుని సరుకు వెతుక్కునేవారు. మాకు మాత్రం ఫోన్ చేతిలో ఉండకూడదు, ట్రాలీకి బిగించాలి. ఈ ఒక్క తేడాతో లెక్కలు సగానికి పైగా తేలికయ్యాయి.

కెమెరా కంటికి కనబడేది

ఫోన్ కెమెరా సెన్సర్ ఫొటోను ఒక్కసారిగా తీయదు. పై వరుస నుంచి కింది వరుస దాకా, ఒక్కో వరుసను కొంచెం ఆలస్యంగా చదువుకుంటూ పోతుంది. దీన్నే రోలింగ్ షటర్ అంటారు. మేం వాడిన ఫోన్‌లో ఒక వరుసకూ తర్వాతి వరుసకూ తేడా సుమారు 18 మైక్రోసెకన్లు. 1,080 వరుసలు చదవడానికి దాదాపు 19 మిల్లీసెకన్లు. ఈలోపు దీపం వెలుగుతూ తగ్గుతూ ఉంటే, వెలిగినప్పుడు చదివిన వరుసలు తెల్లగా, తగ్గినప్పుడు చదివినవి మసకగా వస్తాయి. ఫొటోలో దీపం మీద చారలు పడతాయి. దీపం సెకనుకు 2,000 సార్లు కొట్టుకుంటే ఒక్కో చారల జత సుమారు 28 వరుసల వెడల్పు ఉంటుంది. వేగం పెరిగితే చారలు సన్నబడతాయి. చారల వెడల్పు కొలిస్తే దీపం వేగం తెలుస్తుంది, వేగం తెలిస్తే అది ఏ దీపమో తెలుస్తుంది. మనిషి కంటికి ఇదేమీ కనబడదు.

ఒక షరతు ఉంది. ఎక్స్‌పోజర్ సమయం చాలా తక్కువగా ఉండాలి. ఒక్కో వరుస వెలుగును పోగుచేసుకునే సమయం, దీపం ఒకసారి కొట్టుకునే సమయంతో సమానమైతే, ప్రతి వరుసకూ ఒకే సగటు వెలుగు అంది చారలు మాయమైపోతాయి. మా దీపాల్లో అన్నిటికంటే వేగమైనది 4,600 హెర్ట్జ్, అంటే సెకనుకు 4,600 సార్లు కొట్టుకునేది. దానికి సెకనులో 5,000వ వంతు ఎక్స్‌పోజర్ పెడితే చారలు దాదాపు చెరిగిపోతాయి. అందుకే 10,000వ వంతుకు దించాం.

ఇక్కడే ఫోన్ ఎంపిక ముఖ్యమవుతుంది. ఆండ్రాయిడ్‌లో ఎక్స్‌పోజర్‌ను మన చేత్తో పెట్టుకునే వీలు అన్ని ఫోన్లలో ఉండదు. వెనక కెమెరాకు ఉన్నా ముందు కెమెరాకు ఉండకపోవచ్చు. మాకు కావాల్సింది ముందు కెమెరా, ఎందుకంటే స్క్రీన్ పైకి చూస్తుంటేనే పనివాడు చదవగలడు, అప్పుడు కప్పును చూసేది ముందు కెమెరానే. కొనేముందు దుకాణంలోనే ఒక చిన్న యాప్‌తో ఈ సంగతి పరీక్షించి, పనికొచ్చే మోడల్ ఒకటే అన్ని ట్రాలీలకూ తీసుకున్నాం. నాలుగు రకాల ఫోన్లు కలిపితే నాలుగు రకాల తలనొప్పులు.

దీపం ఎటు, ఫోన్ ఎటు

దీపాలు నేల నుంచి 4.2 మీటర్ల ఎత్తులో, ఫోన్ ట్రాలీ మీద ఒక మీటరు ఎత్తులో. మధ్యలో 3.2 మీటర్లు. కెమెరా చూపు పొడుగు వైపు సుమారు 70 డిగ్రీలు. లెక్కేస్తే దీపాల ఎత్తున ఒక్క పిక్సెల్ 2.3 మిల్లీమీటర్లకు సమానం. కెమెరాకు ఒక దిక్కున నాలుగున్నర మీటర్లు, ఇంకో దిక్కున రెండున్నర మీటర్లు కనబడుతుంది.

సెన్సర్ వరుసలు ఫోన్ పొడుగునా ఉంటాయి. నాలుగడుగుల దీపం నడవ పొడుగునా ఉంది. ఫోన్‌ను కూడా నడవ పొడుగునా పెడితే దీపం, వరుసలు ఒకే దిక్కున పడతాయి. అప్పుడు దీపం వెడల్పు మాత్రమే, అంటే పదిహేను పదిహేడు వరుసలే దాన్ని చూస్తాయి. అందులో చార ఒకటో రెండో పడుతుంది, దానితో వేగం కొలవలేం. ఫోన్‌ను అడ్డంగా తిప్పితే అదే దీపం 500కు పైగా వరుసల మీద పరుచుకుంటుంది. కాబట్టి ట్రాలీకి ఫోన్ స్టాండు అడ్డంగానే బిగించాం. చూడ్డానికి వింతగా ఉందని ఓనరు రెండుసార్లు తిప్పించబోయారు, కారణం విన్నాక వదిలేశారు.

గుండ్రటి డౌన్‌లైట్లు ఉన్నచోట ఇదే పని కష్టం. ఆరంగుళాల దీపం ఈ దూరంలో 65 వరుసల దగ్గర ఆగిపోతుంది. షోరూముల్లో ఎవరైనా ఈ పద్ధతి పెట్టించుకోవాలనుకుంటే ముందు కప్పుకేసి చూడండి. పొడుగు దీపాలో రెండడుగుల చదరపు ప్యానెళ్లో ఉంటే ముందుకెళ్లొచ్చు.

దీపానికి దీపానికి మధ్య 2.4 మీటర్లు. నడవకు పది, ఎనిమిది నడవలకు 80. కెమెరాకు నడవ పొడుగునా కనబడేది రెండున్నర మీటర్లు కాబట్టి ట్రాలీ ఎక్కడున్నా కనీసం 60 సెంటీమీటర్ల దీపం ముక్క ఒకటి చూపులో ఉంటుంది. అంటే 250 వరుసలు, నాలుగున్నర మిల్లీసెకన్ల వెలుగు. ఆ కాస్త సమయంలో దగ్గరదగ్గరగా ఉన్న రెండు వేగాలను నమ్మకంగా వేరుచేయాలంటే వాటి మధ్య 200 హెర్ట్జ్ అయినా తేడా ఉండాలి.

పదహారు వేగాలతో ఎనభై దీపాలు

ప్రతి దీపానికీ ఒక అంకెను కోడ్‌గా పంపించడం ఒక పద్ధతి. అంకె మొత్తం చదవాలంటే దీపం ఎక్కువ భాగం కనబడాలి. మా 60 సెంటీమీటర్ల ముక్కతో అది కుదరదు. అందుకే ఒక్కో దీపానికి ఒక్కో వేగం ఇచ్చాం. 1,600 నుంచి 4,600 హెర్ట్జ్ దాకా, 200 తేడాతో సరిగ్గా పదహారు వేగాలు వస్తాయి. పై హద్దు 4,600 దగ్గర ఆపడానికి కారణం ఉంది. మా దీపంలా వెలుగు ఒక్కసారిగా పెరిగి ఒక్కసారిగా తగ్గే చదరపు తరంగంలో అసలు వేగంతోపాటు దానికి మూడు రెట్ల వేగం కూడా సన్నగా కలిసి ఉంటుంది. 1,600కు మూడు రెట్లు 4,800. అది మా హద్దు బయట పడింది కాబట్టి ఒక దీపం నీడ ఇంకో దీపంలా కనబడే ప్రమాదం లేదు.

దీపాలు 80, వేగాలు 16. మరి ఒకే వేగం ఐదు చోట్ల వస్తుంది కదా? సెల్ టవర్ల వాళ్లు ఫ్రీక్వెన్సీలను ఊరూరా మళ్లీ మళ్లీ వాడుకున్నట్టే మేమూ వాడుకున్నాం. పదహారింటిలో ఏ రెండు కలిపినా 120 జతలు వస్తాయి. మాకు పక్కపక్కన ఉండే దీపాల జతలు నడవకు తొమ్మిది చొప్పున 72 మాత్రమే. ఏ జతా గోడౌన్‌లో రెండోసారి రాకుండా పేర్చాం. ట్రాలీ వరుసగా రెండు దీపాలు దాటితే చాలు, ఏ నడవో, ఎటు పోతోందో తెలిసిపోతుంది. ఇంకో సుళువు కూడా దొరికింది. ఎనిమిది నడవలకు రెండేసి చివరలు, మొత్తం పదహారు చివరి దీపాలు. ఆ పదహారింటికీ పదహారు వేరువేరు వేగాలు ఇచ్చాం. ట్రాలీ మలుపు తిరిగిందని ఫోన్‌లోని గైరోస్కోపు చెప్పగానే, తర్వాత కనబడే మొదటి దీపం నడవ చివరిదే అయ్యుంటుంది. ఆ ఒక్క దీపంతోనే నడవ తెలుస్తుంది.

చోటు లెక్క ఇంకా సులభం. లక్సాపోజ్ లాంటి పద్ధతుల్లో మూడు, అంతకంటే ఎక్కువ దీపాల కోణాలతో ఫోన్ చోటు, అది ఎటు వంగి ఉంది అనేవి రెండూ లెక్కగడతారు. మా ట్రాలీ నడవలో ముందుకో వెనక్కో పోవాల్సిందే, పక్కకు పోలేదు. దీపం కొస ఫొటోలో ఏ వరుస మీద పడిందో చూసి, 2.3 మిల్లీమీటర్లతో హెచ్చిస్తే చాలు. నేల గుంతల వల్ల ట్రాలీ రెండు డిగ్రీలు వంగితే 11 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ర్యాకు గుర్తుపట్టడానికి అది లెక్కలోకే రాదు. దిక్సూచిని అసలు వాడలేదు, అంత ఇనుము మధ్య అది ఎటు చూపిస్తుందో దానికే తెలియదు.

దీపం తయారీ

మామూలు ఎల్‌ఈడీ బ్యాటెన్ (ట్యూబ్‌లైటు ఆకారపు దీపం) లోపల ఎల్‌ఈడీలకు కరెంటు అందించే సర్క్యూట్‌ను డ్రైవర్ అంటారు, అది స్థిరమైన కరెంటు ఇచ్చే రకం. దాని లోడును సెకనుకు వేలసార్లు తెంచి కలిపితే, తెగినప్పుడల్లా వోల్టేజి పైకి ఎగురుతుంది, డ్రైవర్ కాలిపోతుంది. పైగా చౌకరకం బ్యాటెన్లలో మెయిన్స్‌కూ ఎల్‌ఈడీలకూ మధ్య రక్షణ ఉండదు, చెయ్యి తగిలితే షాకే. అందుకే వాటిని ముట్టుకోలేదు. అల్యూమినియం ప్రొఫైల్‌లో 24 వోల్టుల స్ట్రిప్పులు రెండు పక్కపక్కన అంటించి, పైన వెలుగును సమంగా పరిచే పాలరంగు మూత, అంటే డిఫ్యూజర్, వేశాం. సామాను బెంగళూరు ఎస్‌పీ రోడ్డు నుంచి వచ్చింది. ఒక స్ట్రిప్పు ఎప్పుడూ వెలుగుతుంది. రెండోదాన్ని ఒక మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్), దాన్ని నడిపే ఒక చిన్న మైక్రోకంట్రోలర్ చిప్ కొట్టుకునేలా చేస్తాయి.

రెండూ కొట్టుకుంటే చారలు ఇంకా చిక్కగా వచ్చేవి. కానీ సగం వెలుగు పోయేది, ఫ్లికర్ (వెలుగు మిణుకు) కూడా ఎక్కువయ్యేది. ఒక్కటే కొట్టుకోవడం వల్ల పోయేది పావు వంతు వెలుగే. ఫ్లికర్ లోతు 33 శాతం. ఎల్‌ఈడీ ఫ్లికర్ మీద ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ 2015లో తెచ్చిన 1789 నంబరు సూచనల ప్రకారం 1,600 హెర్ట్జ్ దగ్గర 53 శాతం దాకా ఏ ప్రభావమూ కనబడదు, మాది ఆ హద్దు లోపలే. రోజంతా ఆ దీపాల కింద పనిచేసే మనుషులున్నప్పుడు ఈ లెక్క కాగితం మీద చూపించగలగాలి.

మైక్రోకంట్రోలర్‌కు క్రిస్టల్, అంటే వేగం తప్పని బయటి గడియారపు ముక్క, పెట్టమని పట్టుబట్టాను. చిప్ లోపలి గడియారం వేడికి ఒకటి రెండు శాతం అటూ ఇటూ పోతుంది. 4,600లో రెండు శాతం అంటే 92 హెర్ట్జ్. వేగాల మధ్య ఉన్న 200లో సగం దాకా అక్కడే తినేస్తుంది. మే నెలలో రేకుల కింద ఎంత వేడి ఉంటుందో అనంతపురం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫోన్ వైపు కూడా వరుసకు ఇన్ని మైక్రోసెకన్లు అనేది ఫోన్‌ఫోన్‌కూ కొంచెం మారొచ్చు. అందుకే ట్రాలీలు ఛార్జింగ్‌కు నిలబెట్టేచోట 3,000 హెర్ట్జ్ దీపం ఒకటి విడిగా పెట్టాం. ప్రతి పొద్దునా ఫోన్ ఆ దీపాన్ని చూసి తన కొలత సరిచేసుకుంటుంది.

24 వోల్టులకు ఉన్న ఇబ్బంది వైర్లలో పోయే వోల్టేజి. పది దీపాలకు ఎనిమిది ఆంపియర్లు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీద నడవ ఒక కొస నుంచి సప్లై ఇస్తే రెండో కొసకు వోల్టున్నర దాకా తగ్గుతుంది, చివరి దీపాలు మసకబారతాయి. సప్లైని నడవ మధ్యలో పెడితే ఆ బాధ లేదు. మేం కొలుస్తున్నది వెలుగు ఎంత అని కాదు, ఎంత వేగంగా కొట్టుకుంటోంది అని కాబట్టి, ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు దీపం కాస్త డల్ అయినా చోటు తప్పదు. కరెంటు పోవడం మామూలైన చోట ఇది చిన్న లాభం కాదు.

ఒక సంగతి పుస్తకాల్లో పెద్దగా కనబడదు. 1,600 నుంచి 4,600 హెర్ట్జ్ అంటే మన చెవికి బాగా వినబడే శ్రేణి. దీపాలు కొట్టుకునే వేగానికి కరెంటు వైరులో లాగుడు మారుతుంటే సప్లైలోని కాయిల్ సన్నగా పాడుతుంది. పరీక్ష కోసం మొదటి నడవ వెలిగించినప్పుడు గోడౌన్‌లో కీచురాళ్లు దూరినట్టు వినిపించింది. ప్రతి దీపం దగ్గరా ఒక కెపాసిటర్ వేసి, కరెంటు ఎగుడుదిగుడులను అక్కడికక్కడే సర్దితే మోత తగ్గింది. పూర్తిగా పోలేదు గానీ, ఫ్యాన్ల చప్పుడులో కలిసిపోయింది.

వెలుగుకు వెలుగే అడ్డు

షెడ్డు పైన అక్కడక్కడ వెలుతురు కోసం పారదర్శకపు షీట్లు ఉన్నాయి. మధ్యాహ్నం ఆ షీటు సరిగ్గా దీపం వెనక పడితే కెమెరాకు ఆ ప్రాంతమంతా తెల్లబడిపోతుంది, చారలు అందులో మునిగిపోతాయి. తక్కువ ఎక్స్‌పోజర్ వల్ల చాలావరకు తట్టుకుంటుంది గానీ, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు కాదు. షీట్ల మీద రంగు వేద్దామంటే ఓనరు ఒప్పుకోలేదు, పగటి వెలుతురు ఊరికే వస్తుంటే ఎందుకు మూయాలి అన్నారు. ఆయన మాటే సబబు. ఆ నడవల్లో దీపాల వరుసను ఒక అడుగు పక్కకు జరిపాం. కెమెరా అడ్డంగా నాలుగున్నర మీటర్లు చూస్తుంది కాబట్టి దానికి ఏమీ తేడా రాలేదు.

కెమెరా ఎప్పుడూ నడుస్తుంటే ఫోన్ కాలిపోతున్నంత వేడెక్కుతుంది. ట్రాలీ కదులుతోందా లేదా అని ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ చెప్తుంది కదా, ఆగి ఉన్నప్పుడు కెమెరాను ఆపేశాం. కదులుతున్నప్పుడు కూడా వచ్చిన ఫొటోలన్నీ లెక్కించకుండా సెకనుకు రెండు మూడే తీసుకుంటాం. మనిషి నడక వేగానికి అవి చాలు.

"మా మొగాలు తీస్తాండాదా?"

స్టాండు మీద ఫోన్ బిగించిన రోజు పనివాళ్లలో ఒకతను నేరుగా అడిగేశాడు: "ఏం సార్, ఇది మా మొగాలు తీస్తాండాదా?" న్యాయమైన ప్రశ్న. ముందు కెమెరా, పైకి చూస్తోంది, ట్రాలీ తోసేవాడి గడ్డం కింద ఉంది. యాప్‌లో కెమెరా చూస్తున్నదాన్ని స్క్రీన్ మీద వేసి చూపించాం. 10,000వ వంతు ఎక్స్‌పోజర్‌లో దీపం తప్ప అంతా నలుపు, మనిషి ముఖం నల్లటి నీడ. ఫొటో ఫోన్‌లో దాచదని, ఎక్కడికీ పంపదని, దీపం నంబరు మాత్రమే పంపుతుందని చెప్పాం. అతను ఫోన్ మీద వంగి, చెయ్యి ఊపి చూసుకుని, "సరే పోనీలే" అన్నాడు. ఆ స్క్రీన్‌ను యాప్‌లో అట్లాగే ఉంచాం, ఎవరికి అనుమానం వచ్చినా నొక్కి చూసుకోవచ్చు. అయినా ట్రాలీ ఎక్కడ తిరుగుతోందో తెలుస్తుంది కాబట్టి, ఎవరు ఎంతసేపు ఎక్కడ నిలబడ్డారో కూడా తెలుస్తుంది. ఆ లెక్క తీసి పనివాళ్లను ప్రశ్నించకూడదని ఓనరుతో ముందే మాట్లాడుకున్నాం. ట్రాలీకి మనిషి పేరు కట్టలేదు.

స్టోర్ కీపర్ మాత్రం నవ్వి, "నాకెందుకు సార్ ఈ లైట్లు, కండ్లు మూసుకోని తెస్తా" అన్నారు. తెస్తారు కూడా. ఆయన ఇప్పటికీ ట్రాలీ ముట్టరు. కానీ కొత్త సరుకు ఎక్కడికి చేరిందో ఆయనకు తెలియకపోతే పిల్లల్ని పిలిచి ఫోన్‌లో చూడమంటారు.

ఎలక్ట్రీషియనే అసలు మనిషి

ఈ పద్ధతి గురించి మాట్లాడేవాళ్లు చాలావరకు సాఫ్ట్‌వేర్ గురించే మాట్లాడతారు. నా అనుభవంలో ఇది కరెంటు పని. దీపాలన్నీ అనుకున్న చోట, అనుకున్న వేగంతో వెలుగుతున్నంత కాలం యాప్‌కు కష్టం లేదు. దీపం పోయినప్పుడు ఎవరు మారుస్తారు, ఏది పెడతారు అన్నదే దీని ప్రాణం.

గోడౌన్‌కు వచ్చే ఎలక్ట్రీషియన్ ఈ సంగతి మొదట్లోనే పట్టేశాడు. "లైటు పోతే నేను ఏ లైటైనా ఏస్తా సార్. దీనికి నంబరంటే యాడ చూసుకోవల్ల?" అన్నాడు. లాప్‌టాప్ తగిలించి దీపానికి నంబరు ఎక్కించే ఆలోచన అంతకుముందు మాకు ఉండేది. ఆ ప్రశ్నతో దాన్ని పక్కన పెట్టేశాం. ప్రతి దీపం పక్కన నాలుగు బుడిపెల డిప్ స్విచ్ ఒకటి పెట్టాం. నాలుగు బుడిపెలకు పైకీ కిందకీ కలిపి పదహారు అమరికలు వస్తాయి, మా వేగాలూ పదహారే. పాత దీపం స్విచ్ ఎట్లా ఉందో కొత్తదాన్నీ అట్లా పెట్టు, అంతే. ఆ అమరికను ప్రొఫైల్ పక్కన మార్కర్‌తో బొమ్మగా కూడా గీశాం. అన్ని దీపాలూ ఒకే రకం కాబట్టి స్టోర్‌లో నాలుగైదు స్పేర్ దీపాలు ఉంటే చాలు.

ఏదైనా దీపం ఉండాల్సిన చోట కనబడకపోయినా, తప్పు వేగంతో కొట్టుకుంటున్నా యాప్ ఊరుకోదు. రెండు పక్కల దీపాలూ కనబడి మధ్యది కనబడకపోతే దాన్ని గుర్తుపెట్టుకుని, సాయంత్రం ఓనరు ఫోన్‌కు ఒక వరుస మెసేజ్ పంపుతుంది: "డీ నడవ, ఆరో దీపం చూడండి." ఎలక్ట్రీషియన్‌కు ఇదే బాగా నచ్చింది. నిచ్చెన వేసుకుని వెతికే పని తప్పింది.

ఆయన చేతికి అప్పజెప్పిన ఇంకో పని డిఫ్యూజర్లు తుడవడం. అనంతపురం గాలిలో దుమ్ముకు కొదవ లేదు. దీపం మీద దుమ్ము చేరితే వెలుగుతోపాటు చారలూ పలచబడతాయి. ఫోన్ కెమెరా అద్దం మీద గ్రీజు వేలు పడితే ఇంకా ఘోరం, దీపం మబ్బులా పరుచుకుంటుంది. దానికి ట్రాలీకి ఒక గుడ్డముక్క కట్టాం.

ఇప్పుడెట్లా ఉంది

ట్రాలీ ఏ ర్యాకు ముందు ఉందో చెప్పడంలో తప్పు అరుదు. టేపు పెట్టి కొలిస్తే తేడా అరమీటరు లోపే ఉంటోంది. తప్పేది ఎక్కువగా నడవల మలుపుల దగ్గర, ట్రాలీని గిర్రున తిప్పి వెనక్కి లాగినప్పుడు. రెండు దీపాలు దాటితే మళ్లీ దారిలో పడుతుంది. అప్పటిదాకా ఫోన్ "కొంచెం ముందుకు నడపండి" అని తెలుగులో చెప్తుంది. పనివాడు స్క్రీన్ మీదికి వంగితే తల కెమెరాకు అడ్డం వస్తుంది కాబట్టి చెప్పాల్సినవన్నీ గొంతుతోనే చెప్పించాం, స్టాండును కూడా హ్యాండిల్ దగ్గర నుంచి ట్రాలీ ముందు అంచుకు మార్చాం. కొత్త పిల్లోడు మొదటి రోజే సామాను తెస్తున్నాడు. ఒకేలా కనబడే రెండు సైజుల సీళ్లలో ఏది తీసుకోవాలో మాత్రం దీపం చెప్పలేదు. అది పెట్టె మీది బార్‌కోడ్ చూసుకోవాల్సిందే.

అర ఎత్తు కూడా ఈ పద్ధతికి తెలియదు. ర్యాకు దాకా తీసుకెళ్తుంది, పై అరా కింది అరా అన్నది అడ్రసు బోర్డును బట్టే. పెట్టె దించేటప్పుడు మాత్రం అర నంబరును ఫోన్‌లో ఒక్క వేలితో నొక్కాలి. స్క్రీన్ మీద పెద్దవి ఐదు బొత్తాలు ఉంటాయి. ఇది తప్పించే దారి మాకు దొరకలేదు, పనివాళ్లు కూడా దీనికి విసుక్కోవడం లేదు.

ఎవరికి ఇది పనికిరాదో కూడా చెప్పాలి. నడవలు నాలుగైదు ఉండి, సరుకు వందల రకాల్లోపు ఉంటే బోర్డులు చాలు. పాత దీపాలు బాగానే ఉంటే వాటిని పీకి ఇవి పెట్టడం దండగ. ఈ గోడౌన్‌లో నడవల దీపాలు ఎట్లాగూ మార్చాల్సి ఉంది కాబట్టి ఖర్చు గిట్టింది. జనం చేతిలో ఫోన్ పట్టుకుని తిరిగే ఆసుపత్రి, మాల్ లాంటి చోట్ల మా లెక్కలు యథాతథంగా నడవవు. అక్కడ ఫోన్ జేబులోకి పోగానే కెమెరాకు చీకటే.

పక్కనే ఉన్న పైపుల యార్డుకూ ఇదే కావాలని ఓనరు అడుగుతున్నారు. అక్కడ పైకప్పు లేదు, పగలంతా ఎండ. దానికి జీపీఎస్సూ, పైపు కట్టలకు పెయింటుతో నంబర్లూ చాలని చెప్పాం. ప్రస్తుతం ఆ నంబర్లే వేస్తున్నారు.